బండిలో విన్న మాట

"తలుపు తీయండి. మీ కాళ్ళు పట్టుకుంటా, తీయండి," అంది జాయిస్. అనేశాక నాలుక కరుచుకుంది.

లోపలి గడియ కదల్లేదు.

పొద్దున గడప దగ్గర పెట్టిన ఇడ్లీ పళ్ళెం పెట్టినట్టే ఉంది. మధ్యాహ్నం కలిపి తెచ్చిన పెరుగన్నం కూడా దాని పక్కకే చేరింది. ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చిన దగ్గర్నుంచీ దేవరాజ్ ముభావంగానే ఉంటున్నాడు గాని, గదిలో గడియ పెట్టుకోవడం ఇదే మొదలు. ఎడమకాలు మోకాలి కింద నుంచి లేని మనిషి మంచం దిగి, చంకకర్రల మీద గది దాటి వచ్చి గడియ పెట్టాడంటే ఎంత పంతం పట్టి ఉండాలి. ఆ పంతం దేనిమీదో మాత్రం జాయిస్‌కు అంతుబట్టలేదు.

వాకిట్లో ఆమె తండ్రి శాంతయ్య అద్దె కుర్చీలు వరసగా వేయిస్తున్నాడు. ఆయన రిటైరైన మేష్టారు, జగ్గయ్యపేటలో వాళ్ళ చర్చికి సంఘ పెద్ద. సాయంత్రం ఈ ఇంట్లోనే స్తుతి కూడిక. అల్లుడు ప్రాణాలతో దక్కినందుకు పాటలు, ప్రార్థన, ఆ తర్వాత అందరి ముందూ దేవరాజ్ సాక్ష్యం. ఆ రోజు రోడ్డు మీద ఏం జరిగిందో, దేవుడు తనను ఎలా నిలబెట్టాడో తన నోటితో తను చెప్పాలి. వేదాద్రి నుంచి కృష్ణప్రియ వాళ్ళు పసిబిడ్డను తీసుకుని వస్తున్నారు. ఆ తల్లీ బిడ్డా ఇవాళ బతికి ఉన్నారంటే అది దేవరాజ్ చలవేనని పేటంతా చెప్పుకుంటోంది.

"ఏమంటున్నాడమ్మా?" అన్నాడు శాంతయ్య.

"ఏమీ అనడం లేదు నాన్నా. సాక్ష్యం చెప్పనని పొద్దున ఒక మాటన్నారు. అంతే."

"సిగ్గుపడుతున్నాడు. మంచి చేసినవాళ్ళకి చెప్పుకోవాలంటే సిగ్గుగానే ఉంటుంది," అని ఆయన తృప్తిగా ఇంకో కుర్చీ తుడిచాడు.

శాంతయ్య మేష్టారికి మనుషుల్లో మంచి మాత్రమే కనపడుతుంది. అది గొప్ప గుణమే. దానివల్ల ఇంట్లోవాళ్ళకి ఎంత ఇబ్బందో ఆయనకు ఎవరూ చెప్పలేదు.

కుర్చీలు వేయడం పూర్తికాకముందే ఇశ్రాయేలు, జెరూషా వచ్చారు.

ఇశ్రాయేలు నందిగామ 108లో పైలట్. ఆ ఉద్యోగంలో డ్రైవరును పైలట్ అనే అంటారు. ఆయన ఆకారం చూస్తే విమానం సంగతి అటుంచి సైకిలైనా మోయగలదా అని సందేహం వస్తుంది. జెరూషా జగ్గయ్యపేట బండిలో వెనక రోగి పక్కన కూర్చుని వైద్యం చూసే అమ్మాయి. దేవరాజ్ బండి నడుపుతుంటే నాలుగేళ్ళు ఆ వెనక సీటులో కూర్చుంది.

దేవరాజ్ ఇంటికి వచ్చిన దగ్గర్నుంచీ వీళ్ళిద్దరూ, వీళ్ళతోపాటు నందిగామ బండిలో పనిచేసే వెస్లీ, ఒక్కరోజు మానకుండా వస్తున్నారు. ఇశ్రాయేలు రాత్రి డ్యూటీ దిగి, ఇంటికి పోకుండా నందిగామలో బస్సెక్కి వచ్చి దేవరాజ్‌కు స్నానం చేయిస్తాడు. వెస్లీ పుండు కడిగి కట్టు మారుస్తాడు. జెరూషా దగ్గరుండి వ్యాయామం చేయిస్తుంది. మంచం మీద నుంచి కుర్చీలోకి మార్చేటప్పుడు ముక్కూ మొహం తెలియని రోగిని ఎత్తినట్టే పద్ధతిగా ఎత్తుతారు. జెరూషా ఒకటి, రెండు అంటుంది. మూడు అనగానే అందరి చేతులూ ఒకేసారి లేస్తాయి. మనిషి కుదుపన్నది ఎరగడు.

స్నానాలగదిలో గోడకు ఇనప కడ్డీ బిగించింది కూడా వీళ్ళే. నందిగామ, కంచికచర్ల బండ్ల పైలట్లు సెలవు రోజు చూసుకుని వచ్చి, గోడ తొలిచి, సిమెంటు పెట్టి, ఇశ్రాయేలును దానికి వేలాడదీసి పరీక్ష చేసి మరీ వెళ్ళారు. కడ్డీ నిలిచింది. రమ్మని వాళ్ళను ఎవరూ పిలవలేదు. రక్తసంబంధీకులే మొదటి వారం తర్వాత ముఖం చాటేసే కాలంలో, పగలూ రాత్రీ ఊరివాళ్ళ ప్రాణాలు మోసి దిగినవాళ్ళు మళ్ళీ ఒక మనిషిని మోయడానికి వస్తున్నారంటే వాళ్ళకు చేతులెత్తి మొక్కాలి.

"మీరైనా పిలవండి అన్నయ్యా," అంది జాయిస్.

ఇశ్రాయేలు తలుపు మీద అరచేత్తో తట్టాడు. "ఒరే దేవరాజూ. నేనురా. నీళ్ళు పోద్దామని వచ్చా."

"వెళ్ళిపో అన్నా," అని వినపడింది లోపల్నుంచి. "రేపట్నుంచి కూడా రావొద్దు."

"ఏందిరా ఆ మాట?"

"నువ్వే కాదు. జెరూషా, వెస్లీ, ఎవరూ రావొద్దు. మీరు చేసింది చాలు."

ఎంతటి మాటకైనా ఎదురు మాట సిద్ధంగా పెట్టుకునే ఇశ్రాయేలు జెరూషా వైపు చూశాడు. జెరూషా నేల వైపు చూసింది.

ఆ చూపు జాయిస్ కంట పడింది.

"ఇద్దరూ ఇట్లా రండి," అని వంటింట్లోకి నడిచింది.

వంటింట్లో సాయంత్రం వచ్చేవాళ్ళకోసం టీ గిన్నె పొయ్యి మీద ఉంది. జాయిస్ పొయ్యి ఆపేసింది.

"ఏం దాస్తున్నారు మీరు?"

"దాచేదేముంటదమ్మా," అన్నాడు ఇశ్రాయేలు.

"మీరొస్తే ఆయన గోడవైపు తిరిగి పడుకుంటున్నారు. ఎవరైనా వచ్చి గొప్ప పని చేశావయ్యా అంటే ఆ పూట అన్నం తినరు. రోజూ చూస్తున్నా. చెప్పు జెరూషా, ఆ రోజు ఏం జరిగింది?"

"అంతా చెప్పాం కదా వదినా."

"మళ్ళీ చెప్పు."

జెరూషా మొదలుపెట్టింది. "కృష్ణప్రియకి నొప్పుల్లో రక్తం పోతుంటే విజయవాడ తీసుకెళ్తున్నాం. వాళ్ళింట్లోవాళ్ళు రక్తం ఏర్పాటు చూడ్డానికి కారులో ముందే వెళ్ళారు. గౌరవరం దాటాక వెనకనుంచి లారీ గుద్దింది. బండి డివైడర్ మీదికెక్కి ముందు భాగం నుజ్జయింది. అన్న కాలు స్టీరింగు కింద ఇరుక్కుంది. ఫైరింజన్ వచ్చి ఇనుము కోస్తేగాని బయటికి రాడు. ఈలోపు నందిగామ నుంచి ఇశ్రాయేలన్న, వెస్లీ అన్న వాళ్ళ బండి తెచ్చారు. ఫైరింజన్ వచ్చేదాకా ఆగితే ఆమె దక్కదు. అప్పుడు దేవరాజ్ అన్న, ముందు ఆమెని తీసుకెళ్ళండి, నా సంగతి తర్వాత అన్నాడు. వెస్లీ అన్నని ఆయన దగ్గర ఉంచి, మేమిద్దరం ఆమెని తీసుకెళ్ళాం."

"చూశావా. ముందు ఆమెని తీసుకెళ్ళండి, నా సంగతి తర్వాత. ఎన్నిసార్లు అడిగినా ఇవే మాటలు. నువ్వు చెప్పినా, అన్నయ్య చెప్పినా, వెస్లీ చెప్పినా అక్షరం తేడా రాదు. నేను పిల్లలకి పాఠాలు చెప్పేదాన్ని జెరూషా. బట్టీ పట్టిన పాఠం నాకు తెలీదా?"

ఇశ్రాయేలు తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు.

జాయిస్ గొంతు తగ్గింది. "సరే. అదే నిజమనుకుందాం. ఇంకేమీ అనలేదా? నా పేరు గాని, గ్రేసీ పేరు గాని?"

జెరూషా తల తిప్పుకుంది. ఇశ్రాయేలు పొయ్యి మీది గిన్నెను ఎన్నడూ చూడనట్టు చూస్తున్నాడు.

"లేదమ్మా," అన్నాడు చివరికి.

"అందరూ దేవుడంటున్నారు ఆయన్ని. నేనూ అవునవునని తల ఊపుతున్నా. కానీ ప్రాణం పోతుందేమో అనుకున్న మనిషికి పెళ్ళాం గుర్తు రాలేదు. కన్నకూతురు గుర్తు రాలేదు. ఎవరో గుర్తొచ్చారు. ఇది నేను ఎవరితో చెప్పుకోను అన్నయ్యా? చెప్పుకుంటే నన్నే తిడతారు. ఎంత స్వార్థమే నీకు అంటారు."

కొంగుతో ముఖం అదిమి తుడుచుకుని, మళ్ళీ పొయ్యి వెలిగించి, తండ్రి పిలుస్తుంటే వాకిట్లోకి వెళ్ళిపోయింది.

"చెప్పేద్దామే," అన్నాడు ఇశ్రాయేలు నెమ్మదిగా. ఆయన కళ్ళు ఎర్రబడ్డాయి.

"చెప్పాల్సింది మనం కాదన్నా," అని జెరూషా ఇంటి వెనక్కి నడిచింది.

పెరటివైపు కిటికీ తెరిచే ఉంది. దేవరాజ్ మంచం అంచున కూర్చున్నాడు. ఒంటి మీద కూడిక కోసం జాయిస్ ఇస్త్రీ చేయించి పెట్టిన తెల్లచొక్కా ఉంది. గుండీలు కూడా పెట్టుకున్నాడు.

"అన్నా."

"వెళ్ళమన్నాగా."

"వదిన అడిగిందన్నా. చివరికి నా పేరైనా తలవలేదా అని."

దేవరాజ్ తల తిప్పాడు. "ఏం చెప్పారు?"

"లేదని చెప్పాడు ఇశ్రాయేలన్న."

దేవరాజ్ రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు.

ఆ రోజు గౌరవరం దగ్గర అతను అన్నది ఆ మాట కాదు. జనం ఇంకా చేరలేదు. నందిగామ బండి వచ్చి ఆగి, కృష్ణప్రియను అందులోకి మారుస్తున్నారు. నుజ్జయిన బండిలోంచి దేవరాజ్ గొంతు చించుకుని అరిచాడు. బండి ఆపమన్నాడు. ఆమె పోతే పోనీ, నన్ను తీసుకెళ్ళండి అన్నాడు. ఆ అరుపు విన్నది జెరూషా, ఇశ్రాయేలు, వెస్లీ, స్ట్రెచర్ మీదున్న కృష్ణప్రియ.

అది ఎవరికీ చెప్పకూడదని ఆ ముగ్గురూ కూర్చుని అనుకోలేదు. అనుకోవలసిన పనే లేదు. జెరూషా ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆ కట్టుబాటు నేర్పింది దేవరాజే. "నొప్పి మీదున్నవాళ్ళు ఏవేవో అంటారు. మొగుణ్ణి తిడతారు, దేవుణ్ణి తిడతారు, ఎప్పుడో చేసిన తప్పులు బయటపెట్టేస్తారు. విని వదిలెయ్యి. బండిలో విన్న మాట బండి దిగకూడదు." ఆ చుట్టుపక్కల బండ్లన్నిట్లోనూ ఇది ఉన్నదే. ఎవరి బండిలో ఏ రోగి ఏమన్నాడో వాళ్ళ ఇళ్ళలోవాళ్ళకు కూడా తెలియదు. అదే మర్యాద తమ మనిషికీ ఇచ్చారు.

నోరు మూసుకుని ఉంటే సరిపోయేది. ఇశ్రాయేలుకు ఆ విద్య రాదు. ఆసుపత్రి వరండాలో జాయిస్ పరుగున వచ్చి, ఏమన్నారు ఆయన, ఏమైనా అన్నారా అని చొక్కా పట్టుకుని అడిగితే, ఖాళీగా ఉన్న చోట ఏదో ఒకటి పెట్టాలి గనక ఒక మంచిమాట పెట్టాడు. ముందు ఆమెని తీసుకెళ్ళమన్నాడమ్మా అన్నాడు. మర్నాటికి అది పేపర్లో వచ్చింది. ఆదివారానికి చర్చిలో చెప్పారు. ప్రేమతో ఆడిన అబద్ధం కాబట్టి మిగతా ఇద్దరూ దానికి తలొగ్గారు. దేవరాజ్‌కు మత్తు వదిలి కళ్ళు తెరిచేసరికి తనొక మహానుభావుడై ఉన్నాడు.

"మీరు నా పరువు కాపాడారు," అన్నాడు దేవరాజ్ కిటికీ వైపు తిరిగి. "ఎట్లా మొయ్యమంటావు దీన్ని? ఎవరైనా వచ్చి దండ వేస్తుంటే చచ్చిపోవాలనిపిస్తోంది. ఇప్పుడు సాక్ష్యమంట. దేవుడి పేరెత్తి అబద్ధం చెప్పమంటావా?"

"రెండు ముక్కలు చెప్పి కూర్చో అన్నా. దేవుడు బతికించాడు, వందనాలు అను. చాలు."

"మావయ్య ఊరుకుంటాడా? అదే మాట చెప్పించుకుంటాడు నాతో. నిజం చెప్తే మీ ముగ్గురూ అబద్ధాలకోరులు. మావయ్య సంఘంలో తలెత్తుకోలేడు. జాయిస్..." ఆగాడు. "ఆ కృష్ణప్రియ విన్నది, జెరూషా. స్ట్రెచర్ మీద నుంచి నా వైపే చూసింది. ఆ పిల్ల ఎదురుగా కూర్చుని ఏం చెప్పను?"

"ఆమె బయటపెట్టదన్నా."

"నీకెట్లా తెలుసు?"

అది జెరూషాకు తెలుసు. ఎలా తెలుసో చెప్పే వీలు మాత్రం లేదు. చెప్తే దేవరాజ్ గుండెల మీద నుంచి సగం బరువు దిగిపోతుందనీ తెలుసు. అయినా జెరూషా పెదవి విప్పలేదు.

ఇంటి ముందు కారు ఆగిన చప్పుడైంది.

కృష్ణప్రియ వెనక ఆమె అత్తగారు కమలాకుమారి బిడ్డను పొత్తిళ్ళలో ఎత్తుకుని దిగింది. డ్రైవరు అరటిగెల, పళ్ళబుట్ట, శాలువా ఉన్న సంచీ దింపాడు. కృష్ణప్రియ తల్లి లేని పిల్ల. పురుడు పోసింది, పథ్యం వండింది, రాత్రులు బిడ్డను ఎత్తుకుని తిరిగింది అన్నీ అత్తగారే. కమలాకుమారి మాట మీద మాట అనడం ఆ ఇంట్లో కొడుక్కే అలవాటు లేదు, కోడలి సంగతి చెప్పేదేముంది.

"మా వంశాన్ని నిలబెట్టాడమ్మా మీ ఆయన," అంది కమలాకుమారి జాయిస్ చెయ్యి పట్టుకుని. "ఆడపిల్లయితేనేం, మాకు మహాలక్ష్మి. ఏడీ ఆ బాబు?"

జాయిస్ నవ్వబోయింది. నవ్వు రాలేదు.

కృష్ణప్రియ చుట్టూ చూసింది. పచ్చిబాలింత, మనిషి ఇంకా పాలిపోయే ఉంది. "అక్కా, ఆయనతో ఒక్కమాట మాట్లాడాలి. ఎవరూ రాకముందే. నేను ఒక్కదాన్నే," అంది జాయిస్‌తో.

అది విని ఇశ్రాయేలు ఒక్క అంగలో వచ్చాడు. "ముందు మజ్జిగ తాగమ్మా. ఎండన పడి వచ్చావు. కూర్చో. ఫ్యాన్ కిందికి రా. ఆ కుర్చీ వద్దు, ఈ కుర్చీ గట్టిది," అంటూ ఆ పిల్లకూ ఆ గది తలుపుకూ మధ్యన గోడలాగా నిలబడ్డాడు. అంత మనిషి అడ్డం నిలబడితే ఇంక ఎవరికీ దారి ఉండదు.

"ఏం మాట్లాడాలమ్మా?" అంది జాయిస్.

"ఆ రోజు సంగతే అక్కా."

"ఆ రోజు నువ్వు తెలివిలో ఉన్నావా?"

"ఉన్నాను. అంతా విన్నాను."

జాయిస్ ఇశ్రాయేలు వైపు చూసింది. ఆయన కుర్చీ వీపు తుడవడం మొదలుపెట్టాడు. ఆమె ఇంకేదో అడగబోతుండగా గది తలుపు గడియ తీసిన చప్పుడైంది.

దేవరాజ్ చంకకర్రల మీద గడపలో నిలబడ్డాడు. కృష్ణప్రియను చూశాడు. బిడ్డను చూశాడు. చూసి తల దించుకున్నాడు.

"కూడికలో కూర్చుంటా మావయ్యగారూ," అన్నాడు.

శాంతయ్య ముఖం వెలిగిపోయింది. ఒక్కొక్కరే వస్తున్నారు. సంఘం ఆడవాళ్ళు పాటల పుస్తకాలతో వచ్చి చాపల మీద సర్దుకున్నారు. వరండా నిండింది, వాకిలి నిండింది. ఇంకెవరూ ఎవరితోనూ ఒక్కమాట మాట్లాడే వీల్లేకపోయింది. గడప దిగి చేతుల కుర్చీ దాకా రావడం దేవరాజ్‌కు కష్టమైంది. ఇశ్రాయేలు, జెరూషా చెరో పక్కా చేరారు. ఇందాక రావొద్దన్న మనిషి ఇప్పుడు వద్దనలేదు. జెరూషా ఒకటి, రెండు అంది. మూడు అనకముందే దేవరాజ్ ఇశ్రాయేలు చెవిలో, "నన్ను క్షమించన్నా," అన్నాడు.

"దేనికిరా?"

జెరూషా మూడు అంది. దేవరాజ్ కుర్చీలో కూర్చున్నాడు.

పాటలయ్యాయి. శాంతయ్య ప్రార్థన చేశాడు. తర్వాత అల్లుడి భుజం మీద చెయ్యి వేసి, నిండు మనసుతో మాట్లాడాడు. తన ప్రాణం పోతున్నా ముందు ఆ తల్లిని తీసుకెళ్ళండి అన్న మాట ఎంత గొప్పదో, అలాంటి మాట ఎలాంటి గుండెలోంచి వస్తుందో చెప్పాడు. చాపల మీద ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. కమలాకుమారి బిడ్డ నుదుటి మీద ముద్దు పెట్టుకుంది. జాయిస్ వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది.

"ఇప్పుడు మా అల్లుడే సాక్ష్యం చెప్తాడు," అన్నాడు శాంతయ్య.

దేవరాజ్ రెండు చేతులూ జోడించి అందరికీ వందనాలు చెప్పాడు.

"మావయ్యగారు చెప్పిన మాట నేను అనలేదండి," అన్నాడు.

కొందరు నవ్వారు. వినయమనుకున్నారు.

"నిజంగానే అనలేదండి. నేనన్నది వేరు. బండి ఆపండి అన్నా. ఆమె పోతే పోనీ, నన్ను జాయిస్ దగ్గరికి తీసుకెళ్ళండి అన్నా. జాయిస్‌ని చూడాలి, గ్రేసీని చూడాలి, ఆమె పోతే పోనీ. ఇదే అరిచా. ఒక్కసారి కాదు. బండి కనపడినంతసేపూ అరుస్తూనే ఉన్నా."

వాకిట్లో ఎవరి కుర్చీ కదల్లేదు. శాంతయ్య చెయ్యి అల్లుడి భుజం మీదే ఉండిపోయింది. తీయాలో ఉంచాలో ఆయనకు తెలియలేదు.

"ఇదిగో, ఈ అన్నా, ఈ చెల్లీ, ఇవాళ డ్యూటీలో ఉన్న వెస్లీ, నా మాట వినలేదు. విని ఉంటే ఆ బిడ్డ లేదు. నా మాట వినకుండా తల్లినీ బిడ్డనీ బతికించారు. నేనన్నది ఎవరికీ చెప్పకుండా నన్ను బతికించాలనుకున్నారు. నాకు కాలు పోయిందని రోజూ వచ్చి నీళ్ళు పోశారు, కట్టు కట్టారు, ఎత్తుకుని తిప్పారు. అబద్ధమాడారని వీళ్ళని ఒక్క మాటంటే నేను ఊరుకోను. గొప్పవాళ్ళు ఈ ఇంట్లో ఎవరైనా ఉంటే వాళ్ళు వీళ్ళేనండి. నేను కాదు. ఇదే నా సాక్ష్యం."

ఆమెన్ అని ఎవరూ అనలేదు. ఇశ్రాయేలు తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడుస్తున్నాడు. వంటింటి గుమ్మంలో జాయిస్ గోడ పట్టుకుని నెమ్మదిగా కిందికి కూర్చుండిపోయింది. ఇన్నాళ్ళూ తన పేరు తలవలేదని ఏడ్చింది. తలిచాడు. ఇంకొక ఆడదాని ప్రాణానికి బదులుగా తలిచాడు. సంతోషించాలో సిగ్గుపడాలో తెలియక నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. కళ్ళ వెంట నీళ్ళు మాత్రం ఆగలేదు.

ముందుగా లేచింది కమలాకుమారి.

"లే కృష్ణా," అంది. "పోదాం."

చాపల మీద ఆడవాళ్ళు జరిగి దారి ఇచ్చారు.

"నా కోడలు చస్తే చావనీ అన్న మనిషికి శాలువా కప్పడానికా వచ్చాం మనం? లే." బిడ్డను గుండెకు అదుముకుని వరండా మెట్ల దగ్గరికి నడిచింది. ఆమె గొంతులో కోపం కన్నా భయమే ఎక్కువగా ఉంది. పోబోయి దక్కిన బిడ్డ ఆమె చేతుల్లో ఉంది మరి.

కృష్ణప్రియ లేవలేదు.

"మీరు కూర్చోండి అత్తయ్యా," అంది.

కమలాకుమారి తన చెవులను తను నమ్మలేనట్టు వెనక్కి తిరిగింది.

"నేనూ చెప్పాలి," అంది కృష్ణప్రియ.

"వద్దమ్మా," అంది జెరూషా. కూడిక మొదలయ్యాక ఆమె మాట్లాడింది అదే మొదలు. "ఇక్కడ కాదు. వద్దు."

"నువ్వు చెప్పలేదక్కా. నెల దాటినా నువ్వు ఎవరికీ చెప్పలేదు. నేనే చెప్తున్నా." ఆ పిల్ల కుర్చీ పట్టుకుని లేచి నిలబడింది. "ఆయన అట్లా అరుస్తుంటే ఈ అక్క బండెక్కలేకపోయింది. రోడ్డు మీదే నిలబడి వెనక్కి చూస్తోంది. నేను ఆమె చెయ్యి పట్టుకుని లాగా. ఆయన చస్తే చావనీ, నువ్వు ఎక్కు అన్నా. నాకూ బతకాలనే ఉంది అత్తయ్యా. నేనూ అట్లాగే అన్నా."

దేవరాజ్ తలెత్తి ఆమెను చూశాడు. ఆమె చూపు తిప్పుకోలేదు.

కమలాకుమారి కోడల్ని చూసింది, దేవరాజ్‌ను చూసింది, చివరికి ఇశ్రాయేలు వైపు తిరిగింది. "నిజమేనా? మా పిల్ల ఆ మాట అన్నదా? నువ్వు అక్కడే ఉన్నావుగా, చెప్పు."

ఇశ్రాయేలు తువ్వాలు దించాడు. వాకిలి నిండా జనం ఆయన నోటివైపు చూస్తున్నారు. ఈసారి ఆయన ఖాళీగా ఉన్న చోట ఏ మాటా పెట్టలేదు. తల అడ్డంగా గాని నిలువుగా గాని ఊపకుండా అలాగే నిలబడ్డాడు.

కమలాకుమారి జెరూషాను అడిగింది. "నువ్వు చెప్పు. నీ చెయ్యి పట్టుకునే కదా అన్నానంటోంది."

జెరూషా కొంగు సర్దుకుంది. తెచ్చిన పళ్ళబుట్ట దారికి అడ్డంగా ఉంటే తీసి పక్కన పెట్టింది.

"నాకేమీ వినపడలేదండి," అంది.

"ఇప్పుడు వాళ్ళిద్దరూ ఒప్పుకున్నారు కదే."

"వాళ్ళ మాటలు వాళ్ళవండి. నాకైతే వినపడలేదు."

చెప్పుల్లో కాలు పెట్టబోయిన కమలాకుమారి ఆగిపోయింది. ఆమె చేతుల్లో బిడ్డ కదిలి ఏడుపు మొదలుపెట్టింది. కృష్ణప్రియ బిడ్డకోసం చేతులు చాచింది. అత్తగారు బిడ్డను ఇవ్వలేదు. మెట్టు దిగనూ లేదు.